రెండు గంటలు, రెండు రోజులు, ఆరు రోజులు

గర్భిణుల ఆరోగ్యం మీద రేడియోలో వచ్చే ప్రసంగాలు చాలావరకు ఒకే తీరుగా నడుస్తాయి. డాక్టరమ్మ వస్తారు, శ్రోతలకు నమస్కారం చెబుతారు, నెల తప్పిన దగ్గర్నుంచి బిడ్డకు పాలిచ్చేదాకా అంతా పదిహేను నిమిషాల్లో చెప్పేస్తారు. మధ్యలో ప్రమాద సూచనలు ఎనిమిదో పదో వరుసగా చదువుతారు. అందులో తప్పు ఒక్కటీ ఉండదు. కానీ పత్తి ఏరుకుంటూ ఫోన్‌లో వింటున్న మనిషికి ఆ వరుసలోంచి రెండో మూడో మిగులుతాయి. ఆ మిగిలినవి కూడా ‘వెంటనే డాక్టరును సంప్రదించాలి’ దగ్గర ఆగిపోతాయి. వెంటనే అంటే ఎప్పుడు? ఈ రాత్రికా, తెల్లారినాకనా, సంత రోజు మండలానికి పోయినప్పుడా? ఈ పోస్టంతా ఆ ‘ఎప్పుడు’ గురించే.

ప్రసూతి మరణాల మీద పనిచేసిన డెబోరా మెయిన్ వంటి పరిశోధకులు వేసిన లెక్క ఒకటుంది. వైద్యం అందకపోతే, ఆపద మొదలైన దగ్గర్నుంచి ప్రాణం పోయేదాకా సగటున ఎంత సమయం ఉంటుందనేది ఆ లెక్క. కాన్పు తర్వాత రక్తం పోతుంటే 2 గంటలు. కాన్పుకు ముందే రక్తం పడితే 12 గంటలు. గర్భసంచి చిట్లితే ఒక రోజు. గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి ఫిట్స్ వస్తే, 2 రోజులు. బిడ్డ అడ్డం తిరిగో, దారి చాలకో కాన్పు ఆగిపోతే 3 రోజులు. పురిటి తర్వాత లోపల చీము పట్టి విషమైతే 6 రోజులు. ఇవి సగటులు మాత్రమే. ఒంట్లో రక్తం తక్కువున్న తల్లికి ఆ 2 గంటలు కూడా ఉండకపోవచ్చు.

ఇదే మెయిన్, సెరీన్ థడేయస్‌తో కలిసి 1994లో మూడు ఆలస్యాల సంగతి చెప్పారు: పోదామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, దవాఖానకు చేరడంలో ఆలస్యం, చేరినాక వైద్యం మొదలవడంలో ఆలస్యం. రేడియో రోడ్డు వేయలేదు, రక్తనిధిలో రక్తం నింపలేదు. మొదటి ఆలస్యాన్ని మాత్రం నేరుగా తగ్గించగలదు. అయినా మన కార్యక్రమాల్లో ఎక్కువ సమయం ఆకుకూరలకూ పాలకూ గుడ్లకూ పోతుంది. వాటి గురించి చెప్పొద్దని కాదు. ఆకుకూరకు గడియారం లేదు, రక్తానికి ఉంది.

దేవరకొండ నుంచి నల్లగొండ సుమారు 60 కిలోమీటర్లు. తండా నుంచి దేవరకొండకు వచ్చే దారి వేరే. కాన్పై ఇంటికొచ్చిన బాలింతకు మూడో రోజు రాత్రి రక్తం ఎక్కువ పోతోందనుకోండి. ‘బాలింతకు పోవుడు మామూలే’ అని 40 నిమిషాలు, మగవాళ్ళను లేపి డబ్బులు వెతకడానికి 20, బండి రావడానికి 30, ప్రయాణానికి గంట. అక్కడికే రెండున్నర గంటలైంది. ఇందులో మొదటి గంటను మిగిల్చగలిగేది ఇంట్లో ఉన్న మనుషులే. వాళ్ళకు ముందే తెలిసి ఉండాలి, ఆ తెలివి ఇచ్చేపని రేడియోది.

అందుకే రక్తస్రావాన్ని ఎలా చెప్పాలో కాస్త వివరంగా చూద్దాం. పుస్తకంలో 500 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదమని ఉంటుంది. ఇంట్లో ఎవరు కొలుస్తారు? బట్టనో ప్యాడునో లెక్కపెట్టమని చెప్పాలి. కాన్పైన గంటల్లోనే ప్యాడు 5 నిమిషాల్లోపే పూర్తిగా తడిస్తే అది ఆపదే, అప్పుడు దవాఖానలోనే ఉంటారు కాబట్టి నర్సమ్మను గట్టిగా కేకేసి పిలవాలి. ఇంటికొచ్చినాక గంటలోపు ఒక ప్యాడు నిండా తడిసి ఇంకోటి మార్చాల్సి వస్తే, లేదా గడ్డలు గడ్డలుగా పడుతుంటే, లేదా లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతుంటే, అప్పుడు గడియారం మొదలైనట్టే. కాన్పు తర్వాత పోయే మామూలు మైల రోజురోజుకూ తగ్గుతుంది, ఎరుపు నుంచి లేత రంగుకు మారుతుంది. తగ్గింది మళ్ళీ పెరిగినా, రంగు మళ్ళీ చిక్కని ఎరుపుకు తిరిగినా ఊరుకోవద్దు. గర్భసంచి గట్టిపడకుండా మెత్తగా ఉండిపోవడం, మాయ ముక్క లోపల మిగిలిపోవడం, కాన్పులో చీలిన చోట కుట్టు సరిగా పడకపోవడం, ఎక్కువగా ఈ మూడే కారణాలు. కారణం తెలిస్తే ‘దిష్టి తగిలింది’ అనే మాటకు బలం తగ్గుతుంది.

బండి వచ్చేలోపు ఏం చేయాలో కూడా ఆ ఎపిసోడ్‌లోనే చెప్పాలి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళ కింద మెత్తలు పెట్టి ఎత్తులో ఉంచాలి. దుప్పటి కప్పాలి, రక్తం పోయిన ఒళ్ళు చల్లబడుతుంది. మూత్రం పోయించాలి, మూత్రసంచి నిండి ఉంటే గర్భసంచి ముడుచుకోదు. కాన్పై కొద్ది గంటలే అయితే బొడ్డు కింద అరచేత్తో గుండ్రంగా గట్టిగా రుద్దుతూ ఉండాలి. బిడ్డను రొమ్ముకు పట్టించాలి, బిడ్డ చప్పరిస్తే గర్భసంచి ముడుచుకునే హార్మోను ఊరుతుంది. తడిసిన బట్టలు పారేయకుండా ఒక కవర్లో వేసి వెంట తీసుకుపోవాలి, డాక్టరుకు ఎంత పోయిందో అంచనా దొరుకుతుంది. 108కి ఫోన్ చేసినప్పుడు ఊరు, మండలం, దగ్గరున్న గుర్తు, కాన్పై ఎన్ని రోజులైంది, రక్తం పోతోంది అని చెబితే చాలు. ‘పానం బాగలేదు’ అంటే అవతలివాళ్ళకు ఏమీ అర్థం కాదు. శ్రోతలతో ఆ ఫోన్ మాట ఒకసారి పైకి అనిపించడం మంచి పద్ధతి. నోటితో ఒకసారి అన్న మాట కంగారులోనూ వస్తుంది.

గుర్రపువాతానిది ఇంకో రకం కష్టం. రక్తం కంటికి కనిపిస్తుంది, బీపీ కనిపించదు. అయిదో నెల దాటినాక 140/90 వచ్చిందంటే జాగ్రత్త పడాలి, 160/110 అయితే అదే రోజు దవాఖానలో చేరాలి. ఇంట్లో బీపీ మిషను ఉండదు కాబట్టి ఒంటి గుర్తులే దిక్కు. కాళ్ళవాపు చాలామంది గర్భిణులకు వస్తుంది, దాన్ని ఒక్కదాన్నే ముందుకు తెచ్చి భయపెడితే నెల తిరిగేసరికి ఎవరూ పట్టించుకోరు. మొహం, చేతులు ఉబ్బడం, గాజులు బిగుసుకుపోవడం, గోలీ వేసినా తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మసకలో మిణుగురులో, డొక్క పైభాగంలో కుడివైపు నొప్పి, వీటి గురించి చెప్పాలి. చెప్పే తీరు ఇలా ఉండొచ్చు:

“ఏం పిల్లా, మొఖం గట్ల ఉబ్బింది?”

“పొద్దటి సంది నెత్తి ఒకటే నొస్తుంది అత్తమ్మా. కండ్ల ముంగట మిణుగురులు ఎగిరినట్టు గొడుతున్నయి.”

“ఎన్నో నెల నీకిప్పుడు?”

“ఎనిమిది పడ్డది.”

“అయితే పండుకునే ముచ్చటే లేదు. కార్డు తియ్యి. ఆశమ్మకు ఫోన్ కొట్టు. బీపీ సూపిచ్చుకొని వద్దాం, తెల్లారెదాక ఆగొద్దు.”

ఇది నిమిషం కూడా పట్టదు. మూడు గుర్తులు, నెల, తల్లీబిడ్డ కార్డు, ఆశ కార్యకర్త, ఎప్పుడు పోవాలో, అన్నీ ఇందులో వచ్చాయి. అంతకంటే ముఖ్యం, నిర్ణయం అత్త నోటి నుంచి వచ్చింది. మనవైపు కోడలికి తలనొప్పి అని తెలిసినా పోదామనే మాట ఆమె చేతిలో ఉండదు. కార్యక్రమాలన్నీ ‘గర్భిణీ స్త్రీలారా’ అని మొదలైతే అత్తమ్మ ఆ మాట తనకు కాదనుకొని లేచి పోతుంది. అత్తను మొండిదానిగా, కోడలిని అమాయకురాలిగా చూపించే నాటికలు ఇంకా వస్తున్నాయి. ఏ ఇంట్లో అయితే అత్త వింటోందో ఆ ఇంట్లో రేడియో కట్టేసేది ఇలాంటప్పుడే. అత్తను తెలివైనదిగా చూపిస్తే ఆమె ఆ తెలివిని తనదిగా చేసుకుంటుంది.

ఫిట్స్ వచ్చినప్పుడు తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, పళ్ళ మధ్య చెంచా పెట్టడం ఇప్పటికీ ఉంది. ఎడమ పక్కకు ఒత్తిగిల్లబెట్టాలి, నోట్లో ఏదీ పెట్టొద్దు, నీళ్ళు పోయొద్దు, కదలకుండా బలవంతంగా అదిమిపట్టొద్దు. అది గాలి సోకడం కాదని, బీపీ వల్ల మెదడుకు వచ్చిన ఆపద అని ఒక్క వాక్యంలో చెప్పాలి. దారిలో పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఉంటే అక్కడ ఆగడం వృథా కాదని కూడా చెప్పాలి. పెద్ద దవాఖానకు పంపే ముందే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు, ఒక్కో పిరుదుకు 5 గ్రాముల చొప్పున మొత్తం 10 గ్రాములు, అక్కడే ఇవ్వొచ్చు. దాంతో దారిలో మళ్ళీ ఫిట్స్ వచ్చే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఇంకో మాట చాలా ప్రసంగాల్లో జారిపోతుంది: కాన్పైపోతే బీపీ గండం గడిచినట్టు కాదు. ఫిట్స్ కాన్పు తర్వాతి రెండు రోజుల్లోనూ రావొచ్చు, కొందరికి ఆ తర్వాత కూడా వస్తాయి. ఇంటికొచ్చిన బాలింతకు గట్టి తలనొప్పి వస్తే అది నిద్రలేమి అని సర్దుకోవద్దు.

ఆరు రోజుల గడియారం, అంటే పురిటి తర్వాత చీము పట్టడం, దగ్గర మన కార్యక్రమాలు ఇరవై ఏళ్ళ వెనకే ఆగిపోయాయి. ‘కాన్పు దవాఖానలోనే చేయించుకోండి’ అన్నది ఇప్పటికీ ముఖ్య సందేశంగా వినిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు దవాఖానల్లోనే అయ్యాయి. అదే సర్వేలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. అంటే ఇప్పుడు చెప్పాల్సిన సంగతులు మారాయి. కోత పెట్టిన చోట ఎర్రబడడం, చీము కారడం, చలితో జ్వరం, దుర్వాసన వచ్చే మైల, పొత్తికడుపు నొప్పి, ఇవి కాన్పైన మూడో రోజు నుంచి రెండో వారం దాకా చూసుకోవాల్సినవి. జ్వరం వచ్చిన రోజే పోతే ఆంటీబయాటిక్‌తో నయమయ్యేది, ఆర్‌ఎంపీ దగ్గర జ్వరం గోలీలతో నాలుగు రోజులు గడిపితే ప్రాణం మీదికి వస్తుంది. గోలీ వేస్తే జ్వరం దిగుతుంది కాబట్టి తగ్గిందనుకుంటారు, లోపల చీము పెరుగుతూనే ఉంటుంది.

సిజేరియన్ అయిన తల్లికి తర్వాతి కాన్పు గురించి కూడా చెప్పాలి. వెంటవెంటనే నెల తప్పితే పాత కుట్టు చిట్లే ప్రమాదం ఉంది. మాయ ఆ కుట్టు మీదే అతుక్కుని కూర్చుంటే కాన్పులో రక్తం ఆగదు. అందుకే కాన్పుకూ మళ్ళీ నెల తప్పడానికీ మధ్య కనీసం రెండేళ్ళైనా ఎడం ఉండాలి, రెండో గర్భంలో స్కానింగ్‌లో మాయ ఎక్కడుందో అడిగి తెలుసుకోవాలి. పాత కోత ఉన్న మనిషికి ఇంటి దగ్గర ‘నొప్పుల సూది’ వేయించడం గర్భసంచి చిట్లడానికి నేరుగా దారి. ఈ మాట రేడియోలో ఎంత గట్టిగా చెప్పినా ఎక్కువ కాదు.

ఐరన్ గోలీల గురించి మాత్రం అందరూ చెబుతారు. చెప్పే తీరే సరిగా ఉండదు. రక్తం తక్కువైతే నీరసం వస్తుందంటే పొలం పనిచేసే మనిషికి అది వార్త కాదు, నీరసం ఆమెకు రోజూ ఉన్నదే. కాన్పులో అందరికీ కొంత రక్తం పోతుంది, హిమోగ్లోబిన్ 12 ఉన్నామె తట్టుకునే నష్టాన్ని 7 ఉన్నామె తట్టుకోలేదు అని చెబితే గోలీకి అర్థం వస్తుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 7 కంటే తక్కువుంటే గోలీలతో ఆగకుండా పెద్ద దవాఖానకు పంపాలి, 5 కంటే తక్కువైతే ఆ రోజే చేర్చాలి. నాలుగో నెల నుంచి రోజుకొక గోలీ, 180 రోజులు, కాన్పైనాక ఇంకో 180 రోజులు. రక్తం తక్కువున్నవాళ్ళకు రోజుకు రెండు. గోలీలు మానేయడానికి మూడు కారణాలు మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి: వికారం, మలబద్ధకం, దొడ్డికి నల్లగా రావడం. రాత్రి తిన్నాక పడుకునే ముందు వేసుకుంటే వికారం చాలావరకు తెలియకుండా పోతుంది. నల్లగా రావడం గోలీ రంగే, భయం లేదు. చాయతో వేసుకోవద్దు, చాయకూ గోలీకీ గంట ఎడం ఉండాలి. కాల్షియం గోలీతో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు, రెండింటికీ రెండు గంటలు ఎడం. నిమ్మకాయ పిండిన నీళ్ళతో వేసుకుంటే బాగా పడుతుంది. నెల తర్వాత మళ్ళీ రక్తపరీక్ష చేయించాలి, ఒక గ్రాము కూడా పెరగకపోతే గోలీ వేసుకోవడం లేదనో, వేరే కారణం ఉందనో అర్థం.

‘ఐరన్ గోలీలు మింగితే బిడ్డ నల్లగా పుడతది’ అనే మాటను కొట్టేయాలని కొందరు కార్యక్రమాన్ని ఆ మాటతోనే మొదలుపెడతారు. సగం నుంచి విన్నవాళ్ళ సంగతి, సగం విని వెళ్ళిపోయినవాళ్ళ సంగతి ఆలోచించరు. చెవికి ముందు పడ్డ మాటే నిలుస్తుంది. నిజం ముందు చెప్పాలి, అపోహను మధ్యలో ఒక్కసారి తాకి వదిలేయాలి, మళ్ళీ నిజంతో ముగించాలి.

భాష గురించి. ‘ప్రసవానంతర రక్తస్రావం’, ‘గర్భస్థ శిశువు కదలికలు’, ‘ఉదర భాగం’ అన్న మాటలు రాతకు సరిపోతాయి. చెవికి ‘కాన్పైనాక రక్తం ఆగుతలేదు’, ‘కడుపుల బిడ్డ మెసులుతలేదు’, ‘ఉమ్మనీరు పోయింది’ అంటేనే పడుతుంది. బిడ్డ మెసలడం గురించి చెప్పేటప్పుడు కొలత ఇవ్వాలి: ఏడో నెల దాటినాక తిన్న తర్వాత ఎడమవైపు పడుకొని లెక్కపెడితే రెండు గంటల్లో పదిసార్లన్నా తెలియాలి, తెలియకపోతే ఆ పూటే దవాఖానకు. ఉమ్మనీరు పోతే నొప్పులు రాలేదని ఆగొద్దు, నీళ్ళు ఆకుపచ్చగా ఉంటే అసలే ఆగొద్దు. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో లంబాడీ భాషలో, మక్తల్, నారాయణపేట వైపు కన్నడం కలిసిన తెలుగులో అదే నిమిషం మాటను ఆ ఊరి ఆడమనిషి గొంతుతో చెప్పిస్తే దాని బరువే వేరు. తెలుగు కార్యక్రమాన్ని అనువదించి చదివించడం కన్నా, ‘ఈ గుర్తు కనిపిస్తే మీ ఇంట్లో ఏమంటరు?’ అని అడిగి ఆ మాటనే పట్టుకోవడం మేలు.

సమయం ఎంపిక చేసేటప్పుడు పంటను చూడాలి. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు పడే రోజుల్లో పొద్దున 7 గంటలకు ఇంట్లో ఎవరూ ఉండరు. అక్టోబరు నుంచి జనవరి దాకా పత్తి ఏరే చోట మధ్యాహ్నం సద్ది తినే వేళ, ఒంటిగంట ప్రాంతంలో, పది పన్నెండు మంది ఆడవాళ్ళు ఒక్క చెట్టు కింద దొరుకుతారు. రాత్రి 7 తర్వాత టీవీ సీరియళ్ళతో పోటీ పడి రేడియో గెలవదు. ఏటా ఒకే సమయానికి వేసే కార్యక్రమం ఆరు నెలలు ఖాళీ ఇళ్ళకు వినిపిస్తుంది.

అందే దూరం సంగతి కూడా తెలిసి ఉండాలి. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ నేలను పట్టుకొని దూరం పోతుంది. ఎఫ్ఎం చూపు మేరకే పోతుంది, నల్లమల గుట్టల వెనక ఉన్న చెంచు పెంటలకు (గూడేలకు) అందదు. 2006 నాటి విధానం ప్రకారం కమ్యూనిటీ రేడియోకు దొరికే శక్తి 100 వాట్లు, యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు, వినిపించేది పది పదిహేను కిలోమీటర్లు. అంటే ఒక మండలం. 2008లో జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 90.4 మీద మొదలైనప్పుడు ఆ చిన్న దూరమే దాని బలమైంది, వినేవాళ్ళకూ మాట్లాడేవాళ్ళకూ యాస ఒకటే. దక్షిణ తెలంగాణలో స్టేషను లేని మండలాల్లో అదే పని మహిళా సంఘం సమావేశంలో పెన్‌డ్రైవ్‌తో, గ్రామపంచాయతీ మైకుతో చేయొచ్చు. చాలా బటన్ ఫోన్లలో ఎఫ్ఎం రావాలంటే వైరున్న ఇయర్‌ఫోన్ గుచ్చాలి, ఆ వైరే యాంటెన్నా. గుచ్చి స్పీకర్ ఆన్ చేస్తే నలుగురూ వినొచ్చు. ఈ చిన్న సంగతి తెలియక ‘మా దగ్గర రేడియో రాదు’ అనేవాళ్ళు చాలామంది.

ఒక ఎపిసోడ్‌లో ఒక్క ఆపదే ఉండాలి. అంకెలు రెండుకు మించొద్దు. 15 నిమిషాలైతే మొదట ఒక నిమిషం సంభాషణ, తర్వాత గుర్తులు, ఎందుకు వస్తుందో, ఎంతసేపట్లో ఏం చేయాలో, ఆ పీహెచ్‌సీ ఏఎన్ఎం (ఊళ్ళకు వచ్చే నర్సమ్మ) గొంతుతో రెండు నిమిషాలు, చివర అదే సంభాషణ మళ్ళీ. ఏఎన్ఎం గొంతు ఎందుకంటే, రేపు ఆ గొంతే తలుపు దగ్గరికి వస్తుంది. ఆశ కార్యకర్త కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఆ తేదీలు రేడియోలో చెబితే బాలింత ఎదురుచూస్తుంది, రాకపోతే అడుగుతుంది. ప్రతి నెల 9న గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉంటుందన్నది 8న సాయంత్రం చెప్పాలి, 10న చెబితే ఏం లాభం.

ఎన్నిసార్లు చెప్పాలన్నదానికి బుర్కినా ఫాసోలో జరిగిన ఒక పెద్ద ప్రయోగం కొంత దారి చూపుతుంది. అక్కడ ఏడు స్టేషన్లలో ఒక నిమిషం స్పాట్లు రోజుకు దాదాపు పదిసార్లు, సుమారు మూడేళ్ళపాటు వేశారు. ఆ ప్రాంతాల్లో అయిదేళ్ళలోపు పిల్లలను దవాఖానకు తేవడం మొదటి ఏడాది 35 శాతం పెరిగింది, మూడో ఏడాదికి ఆ పెరుగుదల 16 శాతానికి దిగింది. మరణాల్లో మాత్రం తేడా కొలతకు దొరకలేదు. మనం వారానికొకసారి వేసి జనం మారలేదనుకుంటే ఎట్లా? చిన్న స్పాటు, రోజూ, పలుమార్లు, ఏడాదికి గొంతో కథో మార్చి. పెద్ద ప్రసంగం వారానికి ఒకటి చాలు.

ఫోన్-ఇన్ కార్యక్రమాల్లో రెండు జాగ్రత్తలు. ఫోన్ చేసిన ఆమె పేరు, ఊరు గాలిలోకి పోకూడదు. గర్భం, గర్భస్రావం ఊరంతా వినే సంగతులు కావు, ఒక్కసారి అలా జరిగితే ఆ మండలం నుంచి మళ్ళీ ఫోన్ రాదు. రెండోది, ఎవరైనా ‘ఇప్పుడే రక్తం పోతుంది’ అంటే గాలిలో సలహాలు మొదలుపెట్టొద్దు. పాట వేసి, లైను బయటికి తీసి, 108కి కలిపి, ఆమె బండి ఎక్కేదాకా ఒకరు లైనులో ఉండాలి. స్టూడియోలో ఆ పని ఎవరిదో ముందే రాసి ఉంచాలి.

ఇదంతా పనిచేసిందా లేదా ఎలా తెలుస్తుంది? మరణాలు లెక్కపెట్టి తెలియదు. 2018-20 లెక్కల్లో తెలంగాణలో బతికి పుట్టిన లక్షమంది బిడ్డలకు 43 మంది తల్లులు చనిపోయారు, దేశం మొత్తం మీద 97. ఏడాదికి 800 కాన్పులయ్యే మండలంలో ఆ లెక్కన మూడేళ్ళకొక మరణం. దాంతో ఒక కార్యక్రమాన్ని తూచలేం. ‘తలనొప్పి ప్రమాదమని మీకు తెలుసా?’ అని అడిగితే అందరూ తెలుసనే అంటారు. ‘గర్భిణికి ఏమేం ఆపదలు రావొచ్చు?’ అని అడిగి, మనం ఏమీ అందించకుండా ఆమె నోటి నుంచి వచ్చినవే రాసుకోవాలి. తర్వాత, ‘రాత్రి 11 గంటలకు మీ కోడలికి ఇట్లయితే మొదట ఏం చేస్తరు, ఎవరికి ఫోన్ చేస్తరు, ఆ నంబరు ఎక్కడుంది?’ అని అడగాలి. రేడియో వినేవాళ్ళనూ విననివాళ్ళనూ పోల్చి గొప్ప తేడా వచ్చిందని సంబరపడితే మోసపోతాం, వినేవాళ్ళు ముందునుంచే చదువుకున్నవాళ్ళు, ఫోనున్నవాళ్ళు కావొచ్చు. అదే మనుషులను కార్యక్రమానికి ముందూ తర్వాతా అడగాలి.

తొలికాన్పుకు తల్లిగారింటికి పోవడం మన ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఊరు మారుతుంది, ఏఎన్ఎం మారుతుంది, పాత రిపోర్టులు అత్తగారింట్లో ఉండిపోతాయి. రేడియో ఆ నెలల్లో చెప్పాల్సింది ఒక్కటే: ఒడిబియ్యంతో పాటు తల్లీబిడ్డ కార్డు, రక్తపరీక్ష కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు పెట్టెలో మొదట పెట్టండి, దిగిన వారంలో అక్కడి ఆశ కార్యకర్తకు కనిపించండి.

అంతకన్నా దూరం పోయేవాళ్ళు పాలమూరు వలస కూలీలు. పంట పని అయిపోయినాక పుణె, ముంబై, బెంగళూరు అడ్డాల్లో మట్టిపని, ఇటుకపని చేసే జంటల్లో గర్భిణులు ఉంటారు. వాళ్ళకు ఇక్కడి ఏ స్టేషనూ అందదు. వాళ్ళ కోసం మూడు నిమిషాలు దాటని ఆడియో ఫైళ్ళు చేసి, బయలుదేరే ముందే ఫోన్లలో ఎక్కించాలి. మహారాష్ట్రలోనూ కర్ణాటకలోనూ 108 నంబరే పనిచేస్తుందని అందులో మొదట చెప్పాలి. ఆ తర్వాత ఫోన్‌లో అనాల్సిన హిందీ మాట, రెండుసార్లు, నెమ్మదిగా: “డెలివరీ హుయీ హై, ఖూన్ బహుత్ జా రహా హై.” దాని వెంట ఉంటున్న సైటు పేరు, మెయిన్ రోడ్డు మీదున్న గుడో పెట్రోలు బంకో.